కుడికాలి బూటు

రెండు చేతులతో కుడితొడ పట్టుకుని, మూట ఎత్తినట్టు కాలిని ఎత్తి డ్రైవరు సీటు ముందు పెట్టుకున్నాడు బ్రేకుల బాబాయి. బూటు, మేజోడు విప్పి, మేజోడును బూటులో కుక్కి పక్కకు నెట్టాడు. ఈ మధ్య బస్సు నడిపేటప్పుడు ఆ పాదానికి ఏ తొడుగూ ఉండనివ్వడం లేదు. బ్రేకు తగిలిందో లేదో తెలియాలి కదా మరి!

ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డవాడి చేతిలో టీ కూడా తొణకదని డిపోలో చెప్పుకునేవారు. అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు.

నొప్పి మొదట నడుములో పుట్టింది. పిరుదులోకి జారి, పిక్కలోకి దిగి, చిటికెనవేలి దాకా కరెంటు తీగలా లాగింది. దగ్గితే చాలు, పైప్రాణాలు పైనే పోయేవి. అలాంటిది ఈమధ్యే ఉన్నట్టుండి మాయమైంది. భార్య సంబరపడిపోయింది. నొప్పి పోతూ పోతూ పాదాన్ని కూడా పట్టుకుపోయిందని ఆయన ఎలా చెబుతాడు? చెబితే సీటులోంచి దించేస్తారు. దించేస్తే తానింక ఎవరు?

"మొహం అలా పీక్కుపోయిందేంటి బాబాయ్? పిన్ని తిండి పెట్టట్లేదా?" అంది కండక్టరమ్మాయి.

"పెడుతోందమ్మా, చీవాట్లతో కలిపి. నువ్వు రైట్ చెప్పు."

మధ్యాహ్నం బడి ముందు పిల్లలు రోడ్డు దాటుతున్నారు. బాబాయి బ్రేకు తొక్కాడు. బస్సు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. ఊహూఁ! కిందికి చూస్తే పాదం బ్రేకు పక్కనున్న ఇనుపరేకును తొక్కుతోంది. చేతిబ్రేకు లాగాడు. బస్సు ఎగిరిపడి నిలిచింది. లోపల జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. అద్దానికి అవతల, చేయి చాపితే అందేంత దగ్గరలో, రెండు జడల పిల్ల కొయ్యబారి నిలబడి ఉంది.

"ఏమయ్యా, నిద్రపోతున్నావా?" అని అరిచింది వెనకనుంచి ఒక ముసలావిడ.

పిల్ల రోడ్డు దాటేదాకా చూసి, బాబాయి ఇంజను ఆపాడు. తాళంచెవి కండక్టరమ్మాయి చేతిలో పెట్టాడు.

"వీళ్ళని వెనకొచ్చే బస్సు ఎక్కించమ్మా."

"ఏమైంది బాబాయ్? బ్రేకులు పోయాయా?"

"బ్రేకు బంగారంలా ఉంది. కాలే నా మాట వినట్లేదు. ఇంక నేనీ సీటెక్కను. డిపోలో నేనే చెప్పుకుంటాలే."

కమ్మీ పట్టుకుని దిగి, కాలీడ్చుకుంటూ డిపో వైపు నడిచాడు. మండుటెండకు తారు కరిగి, దిగినవాళ్ళ చెప్పులకు అంటుకుంటోంది. అందరూ నీడకు పరుగెత్తారు. ఆయన మాత్రం తాపీగా నడిరోడ్డు మీదే నడిచాడు.

జనమంతా దిగాక కండక్టరమ్మాయి డ్రైవరు సీటు దగ్గరికి వచ్చింది. కిందికి చూసి, "బాబాయ్!" అని కేక వేసింది. ఆయన అప్పటికే మలుపు తిరిగిపోయాడు. బ్రేకు పక్కన కుడికాలి బూటు, లోపల ఉండచుట్టిన మేజోడుతో, అలాగే ఉంది.