దొంగ లేని కథ

అచ్చయిన కాగితాన్ని మధ్యకి మడిచి, బొటనవేలితో అంచు నొక్కి, పక్కకి తిప్పి మళ్ళీ మడిచింది పెద్దమ్మ. బైండింగు గదిలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. మొదట అలా పిలిచింది చెల్లెలి కూతురు. తల్లి పోయాక ఆ పిల్ల ఈమె దగ్గరే పెరిగింది. ఆ పిల్ల రాసిన నవలే ఇప్పుడు బల్లమీద గుట్టలుగా ఉంది.

పొద్దున్నించీ పెద్దమ్మ కాళ్ళు నేలమీద నిలవడం లేదు. "మా పిల్లదే!" అని జిగురు కలిపే ఆవిడకి చెప్పిందే చెప్పింది. ఇంతలో మడతల మధ్య ఓ పేరా కంటపడింది. ఊళ్ళో పిల్లల నీడలు మాయమవుతున్నాయి. వాన పడితేనే మాట్లాడే పిల్లి ఒకటి అక్కచెల్లెళ్ళిద్దరికి దారి చూపిస్తోంది.

పెద్దమ్మ నవ్వుకుంది. పిల్ల జ్వరంతో మంచం పట్టిన రోజుల్లో తాను అల్లిన కథ అది. పేరు వేసుకుంటే వేసుకుంది, ఇంట్లోదే కదా అనుకుంది. ఆత్రంగా చివరి మడత తీసింది.

నీడలు దొంగిలించింది ఒక ముసలిదట. కథలు చెప్పి పిల్లల్ని మచ్చిక చేసుకుంటుందట. చిటికెనవేలు సగమే ఉండటం చూసి పిల్లి ఆమెని పట్టిస్తుంది.

పెద్దమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. పిల్లని కాలేజీలో చేర్పించిన ఏడాది, అదనపు షిఫ్టులో, కత్తిరింపు యంత్రం కింద సగం తెగిపోయింది ఆ వేలు.

మధ్యాహ్నం పుస్తకాలు చూసుకోవడానికి పిల్ల వచ్చింది.

"ఎలా ఉంది పెద్దమ్మా?"

"ఆ ముసలిది నేనేనా?"

పిల్ల ముఖం పాలిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అబ్బే, కథే కదా! దొంగ లేకపోతే ఎవరు చదువుతారు? పిల్లలకి కాస్త భయం వెయ్యద్దూ?"

"నా కథలో దొంగే లేడే. నీడలు ఆడుకోడానికి పోయి ఇల్లు మర్చిపోయాయి. పిలిస్తే వచ్చేశాయి. మంచం మీద కూర్చుని నువ్వే పిలిచేదానివి."

పిల్ల కుట్టిన పుస్తకాలు లెక్కపెట్టుకుంది. తర్వాత, "రేపు ఆవిష్కరణకి వస్తావుగా, చేతికి ఏదన్నా తొడుక్కుని రా. జనం అడుగుతారు," అంది.

పెద్దమ్మ తలూపింది. పిల్ల వెళ్ళాక మళ్ళీ సూది అందుకుంది. సాయంత్రం దాకా ఒక్క కుట్టూ వంకర పోలేదు.

గంట మోగింది. "రేపు ఫంక్షన్‌కి వెళ్తున్నావుగా?" అంది జిగురావిడ.

"లేదమ్మా. ఇక్కడికీ రాను."

పైన కట్టుకున్న పని గుడ్డ విప్పి మేకుకి తగిలించి, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగిపోయింది. బల్లమీద సగం కుట్టిన పుస్తకం ఒకటి ఉండిపోయింది, చివరి మడతలో సూది గుచ్చి, దారం కిందికి వేలాడుతూ.