పెద్దావిడ మాట

పెద్దల మాట చద్దిమూట అని ఇంట్లో అనుకుంటే సరిపోయేది. ఎవరో మహానుభావుడు దాన్ని తీసుకెళ్ళి చట్టంలో పెట్టాడు. ఇంట్లో పెద్దదిక్కు ఉన్నవాళ్ళకే సర్కారు ఫ్లాటు. వయసు మళ్ళినవాళ్ళను రుజువులడగడం అమర్యాద కాబట్టి కాగితాలేమీ అక్కర్లేదు. "వీళ్ళు నావాళ్ళు" అని వాళ్ళు నోటితో చెబితే చాలు, ఇక ఆ మాటకు తిరుగులేదు. రాసినవాళ్ళు మంచి మనసుతోనే రాశారు. మంచి మనసుకు ముందుచూపు కూడా ఉండాలని ఎక్కడా రాసిలేదు కదా.

టైలరమ్మకు అత్త లేదు, అమ్మ లేదు. ఉన్నదల్లా బస్సు నడిపే మొగుడు, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు, వానొస్తే కుట్టుమిషన్‌ను మంచమెక్కించాల్సిన ఒంటి గది. ఒకరోజు మొగుడు బస్టాండు నుంచి ఒక పెద్దావిడను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడకు ముందూ వెనకా ఎవరూ లేరు, బెంచీయే ఇల్లు. ఫ్లాటు వచ్చేదాకా కడుపునిండా తిండి పెడతాం, ఆఫీసరు వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పమన్నాడు. మాటకేం భాగ్యమని ఆవిడ నవ్వింది.

ఆఫీసరు వచ్చి వినయంగా అడిగాడు. ఆవిడ ఒప్పుకున్నదానికంటే ఎక్కువే చెప్పింది.

"నా కొడుకు, నా కోడలు. వీళ్ళు కాక నాకింకెవరున్నారు నాయనా?"

ఫ్లాటు తాళం చేతికొచ్చేదాకా ఆవిడ వాళ్ళతోనే ఉంది. పిల్లలకు జడలేసేది, చిక్కుపడ్డ దారాలు ఓపిగ్గా విడదీసి ఉండలు చుట్టేది. పడుకుంటే మాత్రం తలుపు జానెడు తెరిచి ఉండాల్సిందే. పూర్తిగా వేస్తే పెట్టెలో పెట్టినట్టుంటుందనేది. పిల్లలు నాన్నమ్మా అని చేరికయ్యారు. టైలరమ్మ మొదట ఆఫీసరు ముందు తడబడకూడదని "అత్తయ్యా" అని పిలిచి అలవాటు చేసుకుంది. తర్వాత ఆ పిలుపు దానంతటదే వచ్చేది. అదే ఆమెను భయపెట్టింది.

కొత్త ఫ్లాటులో వెలుతురొచ్చే గది ఒక్కటే. చట్టం ప్రకారం అది పెద్దావిడది. కుట్టుమిషన్‌కు కావలసిందీ ఆ కిటికీయే. మొగుడూ పెళ్ళాం గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

"సామాన్లు సర్దేదాకా బస్టాండులో కూర్చోండి అత్తయ్యా. సాయంత్రం నేనొచ్చి తీసుకెళ్తాను."

ఆ మాట చెప్పింది టైలరమ్మే. మొగుడు చెప్పి ఉంటే అబద్ధమని పెద్దావిడకు ఇట్టే తెలిసిపోయేది. ఆ సాయంత్రం ఆమె వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు. మొగుడు ఆ బస్టాండు తగలని రూటు అడిగి వేయించుకున్నాడు.

మిషన్ కిటికీ పక్కన చేరింది. ఆ గది తలుపే మాట వినడం మానేసింది. గట్టిగా లాగి గడియ పెట్టి వచ్చినా, కాసేపటికి చూస్తే జానెడు తెరిచి ఉండేది. వడ్రంగిని పిలిచి గడియ మార్పించారు. తలుపులో లోపమేమీ లేదని అతను చిరాకుపడి పోయాడు. ఎండ వాలేవేళకు టైలరమ్మ కాలు మిషన్ మీద ఆడేది కాదు. వెనకనుంచి ఎవరో తన చేతిపని ఎప్పుడవుతుందా అని ఓపిగ్గా చూస్తున్నట్టుండేది. కోపమైనా ఉంటే తట్టుకునేదేమో, ఆ ఓపికనే తట్టుకోలేకపోయింది. చిన్నపిల్ల ఆ సందులోంచి తొంగిచూసి నాన్నమ్మ ఇంకా రాలేదా అని అడిగి ఆడుకోవడానికి పోయేది.

చలికాలం వెళ్ళాక ఆఫీసరు మళ్ళీ వస్తున్నాడని కబురొచ్చింది. ఏటా పెద్దావిడ ఆ మాట మళ్ళీ చెప్పాలట. చెప్పకపోతే ఫ్లాటు ఖాళీ చెయ్యాల్సిందే. టైలరమ్మ పరుగున బస్టాండుకు వెళ్ళింది. బెంచీ ఖాళీగా ఉంది. టికెట్లిచ్చే ఆవిడను అడిగింది.

"ఆవిడా? చలి తట్టుకోలేక చనిపోయిందమ్మా," అంది టికెట్లావిడ. "అంతకుముందే వృద్ధాశ్రమం బండి వచ్చింది. ఎవరూ లేనివాళ్ళనే ఎక్కించుకుంటారు. లేరని చెప్పు తల్లీ అని నేనే బతిమాలాను. వింటేనా? 'ఉన్నారు, మా కోడలు సాయంత్రం వస్తుంది' అంది. పెద్దవాళ్ళ మాట కాదనకూడదట, వాళ్ళు బండి తీసుకుని వెళ్ళిపోయారు."

టైలరమ్మ ఇంటికెలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంట్లోనే పోయిందని చెబుదాం, నువ్వు మాట్లాడకు అన్నాడు మొగుడు. ఆ అవసరం రాలేదు. ఆవిడ బస్టాండులో పోయిందనీ, ఆశ్రమం వాళ్ళతో ఏమందో కూడా ఆఫీసరుకు ముందే తెలుసు. వయసులో మతి చెదిరి ఇల్లు వదిలి తిరగడం మామూలేనని అతనే ఓదార్చాడు. ఆఖరి మాటలోనూ వీళ్ళు నావాళ్ళనే అన్నారు కాబట్టి ఫ్లాటు ఇక శాశ్వతంగా మీదేనన్నాడు. మొగుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఆవిడ మా అత్తయ్య కాదండీ," అంది టైలరమ్మ.

మొగుడు చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. బస్టాండు, బేరం, సాయంత్రం వస్తానన్న మాట, అన్నీ చెప్పేసింది. ఫ్లాటు తీసేసుకోమంది, జైల్లో పెట్టమంది. ఆఫీసరు చివరిదాకా విని, జాలిగా తల ఊపాడు.

"దుఃఖంలో అలాగే అనిపిస్తుందమ్మా. కానీ పెద్దావిడ మాట ఉంది. దాన్ని కొట్టెయ్యడానికి నాకు హక్కు లేదు, మీకూ లేదు."

అతను వెళ్ళాక టైలరమ్మ మిషన్‌ను ఒక్కతే ఈడ్చి హాల్లో పెట్టింది. గదిలో మంచం వేసి దుప్పటి పరిచింది. తలుపు జానెడు తెరిచి, ఎదురుగా నేలమీద కూర్చుంది. చిన్నపిల్ల వచ్చి పక్కన చతికిలబడింది.

"నాన్నమ్మకేనా? ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రం," అంది టైలరమ్మ.

కిటికీలో ఎండ అప్పటికే వాలిపోయింది.