సిరిగేరామె

మా సిరిగేరిలో ఎవరింట్లో గిన్నె కనబడకపోయినా ముందు మా గడప వైపే చూస్తారు. వందేళ్ల కిందట మా అవ్వ బసవ్వకు అవ్వ అయిన గౌరమ్మ, బళ్ళారి బజారులో ఒక షావుకారు ఇంట్లో పనికి కుదిరి, వెండి చెంబు దొంగిలించిందని జైలుకు పోయిందట. ఆమె గురించి ఇంతకుమించి ఎవరికీ తెలియదు. ఈ ఒక్క ముక్కను మాత్రం ఇన్నేళ్లు భద్రంగా దాచుకున్న మా ఊరి జనానికి దండం పెట్టాలి.

ఈసారి నాకు ఒళ్లు మండింది. మహిళా సంఘం వాళ్లు విత్తన వడ్ల గది తాళం మా అమ్మ సౌభాగ్యకు ఇద్దామనుకుంటే, "ఆ ఇంటికా తాళం?" అని ఎవరో అన్నారు. శుక్రవారం తేలుద్దామన్నారు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

నేను బళ్ళారిలో లా చదువుతున్నాను. కోర్టు రికార్డు గదిలో మూడు రోజులు తెల్లదొరల నాటి పట్టికలు తిరగేశాను. గౌరమ్మ ఎక్కడా లేదు. "నేనూ చూసినానమ్మా, ఆ పేరు ఈడ యాడా లేదు" అన్నాడు గుమాస్తా హులిగప్ప.

బుధవారం సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. అవ్వ పక్కింటావిడను కేకేస్తోంది.

"ఓ మోకామె, ఈడికి రా!"

"ఆమె పేరు ఈరమ్మ గదా అవ్వా. మోకా అని పుట్టింటి ఊరి పేరు పెట్టి పిలుస్తావేంది?"

అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా అత్త పేరూ అదే గదే! అత్త పేరు నోట పలుకుతారా యాడన్నా?"

ఆ అత్త పోయి ముప్పై ఏళ్లయింది. నవ్వబోయి ఆగిపోయాను. షావుకారు ఇంట్లోనూ కోడలు ఉండే ఉంటుంది.

తెల్లారి మొదటి బస్సెక్కాను. ఈసారి మనిషి పేరు వదిలేసి ఊరి పేరు వెతికాను. పదిన్నరకు దొరికింది: 'సిరిగేరామె, పనిమనిషి'.

ఆ కేసు కట్ట తీయిస్తే లోపల ఆమె వాంగ్మూలం ఉంది. "ఆ ఇంటి అత్తగారి పేరు కూడా గౌరమ్మే. అందుకని కోడలు నన్ను ఊరి పేరుతో పిలిచేది, పోలీసులకూ అదే చెప్పింది. నా పేరు గౌరమ్మ. అట్లే రాయండి."

చివర తీర్పు. ఎండాకాలంలో ఆ ఇంటి బావి పూడిక తీస్తే చెంబు అందులో దొరికింది. నలభై రోజులు జైల్లో ఉన్నాక గౌరమ్మను నిర్దోషిగా వదిలేశారు. ఆమె ఊరికొచ్చి చెప్పే ఉంటుంది. ఎవరు నమ్మి ఉంటారు? నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. హులిగప్ప మంచినీళ్లు తెచ్చిచ్చి, నకలుకు దరఖాస్తు ఆయనే రాసి, సాయంత్రానికి నకలు ఇప్పించాడు.

శుక్రవారం సంఘంలో ఆ కాగితం రెండుసార్లు చదివాను. రెండోసారి చదవమన్నది తాళం వద్దన్న మనిషే. అధ్యక్షురాలు లేచి తాళంచెవి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని కొంగున ముడి వేసుకుంది.

వెనక గోడవారగా కూర్చునే అవ్వ లేచి ముందుకొచ్చింది. "నేను గౌరమ్మ మనవరాల్ని" అంది. ఆ పేరు అవ్వ నలుగురిలో చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

తర్వాత తలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగి పక్కింటావిడ కోసం చూసింది. ఒక్క క్షణం తటపటాయించింది.

"ఈరమ్మా, ఇంటికి పోదాం పా."