మిత్రోవ్‌దెన్ నాటి జింక కూర

మిత్రోవ్‌దెన్ పండుగ పొద్దున దఫీనా పొయ్యి మీద పెద్ద కుండలో జింక మాంసం సన్నని సెగన ఉడుకుతోంది. ఉల్లిపాయలు, ఎండు ప్లమ్ పళ్ళు, ఎర్ర ద్రాక్షసారా పడిన ఆ కూర వాసన వీధి చివరిదాకా కొడుతోంది. మాసిడోనియా పడమటి కొండల్లోని మా ఊళ్ళో ఇంటి దేవుడి పండుగనాడు ఎవరినీ పిలవరు, వచ్చినవారిని పొమ్మనరు. వచ్చినవాడి కంచంలో మా కొండ మాంసం పడకపోతే ఇంటి యజమానికి తలవంపులు. తీగ ఉచ్చులు పెట్టకూడదని చట్టం ఉంది. అయినా ఆ మాంసం ఎక్కడిదని అడగడం మర్యాద కాదు. అన్ని ఇళ్ళలోనూ అదే కూర ఉడుకుతుంటే ఇక అడిగేదెవరు?

ఇక మా ఊరివాళ్ళకు రిస్ మీద ఉన్న ప్రేమ గురించి చెప్పాలి. రిస్ అంటే లింక్స్, చెవుల కొసల నల్లని కుచ్చులుండే పెద్ద అడవి పిల్లి. మా కొండల జాతివి లోకం మొత్తం మీద వందలోపే మిగిలాయి. మా నాణెం మీద దాని బొమ్మ ఉంది. బస్సు ఆగేచోట గోడ మీద ఉంది. కాఫీ కొట్టుకు దాని పేరే పెట్టారు. దఫీనా భర్త కుజ్మాన్ ఈ ప్రేమలో అందరికంటే ఒక మెట్టు పైనుండేవాడు. ఈ జంతువులను లెక్కపెట్టడానికి రాజధాని స్కోపియె నుంచి వచ్చే నెవెనాకు అడవిలో దారి చూపేది అతనే, చెట్లకు కెమెరాలు కట్టిపెట్టేదీ అతనే. వేసవిలో తల్లి వెంట ఒక పిల్ల ఫోటోలో పడితే దానికి జోర్కా అని పేరు పెట్టి, ఊరంతా మిఠాయిలు పంచాడు. ఇంత ప్రేమ ఉండగా ఆ జంతువు ఎందుకు తరిగిపోతోందని అడిగితే మావాళ్ళు కొండ అవతలి ఊరిని చూపిస్తారు. అవతలి ఊరివాళ్ళు మమ్మల్ని చూపిస్తారు.

మధ్యాహ్నానికి కుజ్మాన్ ఇల్లు అతిథులతో నిండిపోయింది. గొర్రెల కాపరి స్పసె తుపాకితో సహా వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

“నీ ముద్దుల రిస్ రాత్రి నా గొర్రెను లాక్కుపోయింది కుజ్మానన్నా,” అన్నాడు.

“రిస్ గొర్రెల జోలికి రాదు. నీ కుక్కలు తాగి పడుకునుంటాయి, నీలాగే.”

“జాడలు నేను చూశాను. వారంలో ఇది రెండోది. నా పిల్లల తిండి, చదువు అన్నీ ఆ మందలోనే ఉన్నాయి. ఈసారి దొడ్డి దగ్గరికొస్తే కాల్చేస్తా. నీ చట్టం వచ్చి నా మందని కాస్తుందా?”

“దాని మీద చెయ్యి పడిందంటే మన మధ్య మాటల్లేవు, చెప్తున్నా,” అంటూనే కుజ్మాన్ అతని కంచంలో ఇంకో గరిటె జింక కూర వేశాడు.

నెవెనా కంచం ముట్టుకోలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పాఠాన్ని మళ్ళీ చెప్పవలసి వచ్చిన పంతులమ్మలా నుదురు పట్టుకుంది.

“అన్నా, వేసవి పోయినప్పటి నుంచి నా కెమెరాల్లో ఒక్క జింక పడలేదు. నక్కలు పడుతున్నాయి, మీరు పడుతున్నారు. తల్లి రిస్‌కి ఎముకలు తేలాయి. అది కొండ దిగి దొడ్డి దాకా ఎందుకొచ్చిందో మీలో ఒక్కరికీ తోచట్లేదా?”

“అదే నాకూ అంతుపట్టట్లేదు. జింకలన్నీ ఎటు పోయినట్టు?” అన్నాడు కుజ్మాన్. అతను నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు.

దఫీనా కుండతో అతని వెనకే నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి ఆ కూర వండిన మనిషి. ఆ ప్రశ్నకు జవాబు తన చేతుల్లోనే ఉందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. ఒళ్ళు మండిపోయింది.

“ఎటు పోతాయయ్యా? ఇదిగో, ఇందులో ఉన్నాయి,” అని కుండను వంటింట్లోకి తీసుకుపోయింది.

పండుగనాడు అతిథి ముందునుంచి కూర తీసేయడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు.

“వదినా, నేనింకా తింటున్నాను,” అన్నాడు స్పసె.

“దాని జింకని నువ్వు తింటున్నావు, నీ గొర్రెని అది తింటోంది. చిక్కుడు గింజల కూర ఉంది, తెస్తా ఉండు.”

కుజ్మాన్ మొహం ఎర్రబడింది. “నా ఉచ్చులు జింకలకి పెట్టినవి. రిస్‌కీ వాటికీ ఏం సంబంధం? కావాలంటే వచ్చి చూసుకో నెవెనా,” అని కోటు తొడుక్కున్నాడు. నెవెనా, స్పసె అతని వెంట కొండెక్కారు.

తీగకు జింక ఏదో రిస్ ఏదో తెలుస్తుందని నమ్మే మనుషులకు ఏం చెప్పగలం? మొదటి ఉచ్చులు ఖాళీగా ఉన్నాయి. కుజ్మాన్ ఒక్కొక్కటి చూపించి, చూశావా అన్నట్టు నెవెనా వైపు తిరిగాడు. వాగు దగ్గర ఉచ్చు మాత్రం బిగిసి ఉంది. అందులో జోర్కా చనిపోయి ఉంది. తీగ మెడలోకి దిగిపోయింది. చుట్టూ మంచులో తల్లి అడుగులు, ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి ఉన్నాయి. కుజ్మాన్ వంగి దాని మెడనుంచి తీగ విప్పాడు. స్పసె టోపీ తీశాడు.

“నా లెక్కల పుస్తకంలో ఏమని రాయమంటారన్నా?” అంది నెవెనా. “ప్రేమగా పేరు పెట్టి చంపుకున్నారని రాయనా?”

కుజ్మాన్ పిల్లను తన కోటులో చుట్టి ఇంటికి తెచ్చాడు. అతిథులు లేచి నిలబడ్డారు. “ఆ ఉచ్చు నేను దీని కోసం పెట్టలేదు. మీకందరికీ తెలుసు, దీన్ని నేనెంత ప్రేమగా చూశానో,” అంటూ అందరి ముందూ ఏడ్చాడు.

దఫీనా అతని భుజం మీద చెయ్యి వేసింది కానీ, ఊరుకోమని అనలేదు. అతిథుల వైపు తిరిగి, “ఈవేళ మీ పొయ్యిల మీదా ఇదే కూర ఉడికిందని నాకు తెలుసు, నేను వండినట్టే మీరూ వండారు,” అంది. “పొద్దు గుంకేలోగా పోయి ఎవరి తీగలు వాళ్ళు తీసేయండి. తల్లి ఇంకా బతికే ఉంది. దాన్ని ప్రేమించకపోయినా ఫరవాలేదు, దాని నోటికాడి కూడు లాక్కోకండి, చాలు.”