ఏడవ తలుపు

శ్రావణమాస మధ్యాహ్నమున నేకధారగా గురియు వర్షమున గిరిశిఖరములు గానరాక, కాననముల నొరసికొనివచ్చు నెఱ్ఱనీట జిత్రవాహినీ జలాశయము గట్టులంటి పొంగుచుండ, యంత్రశాలయందలివారి మొగములలో నెత్తుటిచుక్క లేకుండెను. నీటిని వదలు తలుపులలో మూడవదాని నేడడుగు లెత్తిననేగాని కట్ట నిలువదు. ఏడవ తలుపు మాత్రము కదలరాదు. దాని ముందర వ్రేలాడు పలకమీద మరమ్మతు సేయుచు నలుగురు కూలీలు చిక్కుకొనియుండిరి. వారిని బైకి లాగవలసిన గొలుసు బిగిసిపోయెను.

ఆ తలుపుల నడుపు కంప్యూటరు ముప్పదియేండ్ల నాటిది. దాని భాష నెఱిగిన వృద్ధోద్యోగి గతమాసముననే విశ్రాంతి గైకొనెను. తనకు దెలియని విద్య లోకమున లేదని నమ్మిన ప్రధానాధికారి నరహరిరావు ఆదేశముల పట్టికను స్వహస్తముతో వ్రాసి గోడ కంటించెను. ముందు తలుపు సంఖ్య, పిదప నెత్తు. ఎవరికైనను దోచు క్రమమే యది. పరీక్షించి చూచినవాడు మాత్రము లేడు.

వకుళ యచట తాత్కాలికోద్యోగిని. ఆదివారములందు దనయింట లోకము విడిచిన పాత కంప్యూటరు భాష నొకదానిని గేవలము ముచ్చటకై యభ్యసించుచుండెడిది.

"కోటి విద్యలూ కూటి కోసమే అంటారమ్మా. నీ విద్య మజ్జిగనీళ్లకైనా వస్తుందా?" యని పదుగురిలో నవ్విన నరహరిరావు, మాసాంతమున నామెను దొలగింప నిశ్చయించియుండెను.

అతడిప్పుడు మూడు, ఏడు అని నొక్కి, తుదిమీటపై వ్రేలు మోపబోవుచుండగా, తెరమీది భాషను దొలిసారి జూచిన వకుళ యతని మణికట్టు పట్టుకొనెను. పై యధికారి చేయి!

"చెయ్యి వదులు! కట్ట తెగేటట్టుంటే ఆటలా?"

"ఆగండి సార్! ఇది నేను ఇంట్లో రాసుకునే భాషే. అట్ల దొంతరలాగా చివర పెట్టిందే ముందు తీస్తుంది. మీరు చివర పెట్టింది ఏడు. దాన్నే గేటు నంబరు అనుకుంటుంది. లేచేది ఏడో గేటు సార్!"

"నేను రాసింది తప్పంటావా?"

"తప్పే సార్. గేటు కదపకుండానే చూపిస్తాను. పది సెకన్లివ్వండి."

ఆ పది సెకనులలో నీరు ప్రమాదరేఖ నంటెను. ముందుగా దీయు సంఖ్యను గేవలము చూపుమని వకుళ యంత్రము నాదేశింపగా, తెరపై వెలువడినది ఏడు. కాలిన పెనము దాకినట్లు నరహరిరావు చేయి వెనుకకు దీసికొనెను.

వకుళ సంఖ్యలను దిరుగవేసి, తుదిమీట నొక్కెను. అంతలో మూడవ తలుపు ఘోషించుచు లేచెను. ఏడవది కదలలేదు. పలకమీది కూలీలలో నొకడా ధ్వనికి దలత్రిప్పి చూచి, తలపాగ పిండుకొని, మరల బనిలో బడెను.

నరహరిరావు గోడనున్న పట్టికను జించివైచెను. "అమ్మా వకుళా, కొత్తది నువ్వే రాయి. కింద సంతకమూ నీదే. వచ్చే నెలనుంచి ఈ గది నీ చేతిలో పెడుతున్నాను."

ముచ్చటకై నేర్చిన విద్య యే దినమున నక్కఱకు వచ్చునో ముహూర్తము పెట్టగల సిద్ధాంతి యెవ్వడు?

గొలుసు సరిపడి పైకి వచ్చిన కూలీలు వేడి టీ త్రాగుచుండ, వారిలో బెద్దవాడు వకుళ వ్రాతను దొంగిచూచెను.

"ఏం రాస్తున్నారమ్మా?"

"గేటు నంబరు చివర కొట్టాలని."

"ఓస్, ముందు కొడితేనేం, చివర కొడితేనేం!" అని వాడు పకపక నవ్వెను. తక్కిన మువ్వురును నవ్విరి. నరహరిరావు మాత్రము నవ్వలేదు.