ఏడో తరగతి పాసైన పిల్ల

ఛత్రినాకలో మా బడికి రామలింగం సారు హెడ్‌మాస్టర్. అంత మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు, ఎవరేమన్నా సరే. బస్తీకి నల్లా తెప్పించింది ఆయనే. ఎవరికి జ్వరమొచ్చినా పెద్దాసుపత్రికి తీసుకుపోయి దగ్గరుండి చూపించింది ఆయనే. అందుకే ఆయన చెప్పిన జెండాకే మా బస్తీ గంపగుత్తగా ఓటేసేది. ఫలక్‌నుమా స్టేషన్లో హమాలీ చేసే మా బాపు ఆగయ్య ఆ జెండా మోయడంలో అందరికన్నా ముందుండేవాడు.

ఆ ఏడు మా బడిలో ఏడో తరగతి పరీక్ష రాసినవాళ్లందరం పాసయ్యాం. ఎందుకు పాసవం? జవాబులన్నీ సారే బోర్డు మీద రాయించారు. నేను వాటిని ముగ్గు చూసి వేసినట్టు పొందిగ్గా దించాను. చదవడం రాకపోయినా నా దస్తూరి మహా ముచ్చటగా ఉండేది. బాపు నా మెడలో బంతిపూల దండ వేసి, డప్పులు పెట్టించి బస్తీ అంతా తిప్పాడు. ఆ రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే, ఏం చేయను!

సంగతి పేపర్లో పడింది. సారును తీసేస్తారని తెలిసి బస్తీ మొత్తం బడి గేటు ముందు బైఠాయించింది. విచారణకు వచ్చిన ఖుద్సియా మేడం లొల్లి అంతా విని, "పాసైన పిల్లల్లో ఒక్కరు చదివి చూపించండి. నేను వాపస్ పోతాను," అన్నారు.

బాపు నన్ను ముందుకు తోశాడు. "నా బిడ్డ చదువుతది మేడం. దానికి మస్తు మార్కులొచ్చినయ్."

మేడం తెలుగు వాచకం తెరిచి నా చేతికిచ్చారు. వెనక నిలబడ్డ సారు, క్లాసులో రోజూ చేసినట్టే, మొదటి వాక్యం మెల్లగా అందించారు. నేను గట్టిగా చెప్పాను. రెండోదీ అంతే. జనం చప్పట్లు కొట్టారు. సారు గొంతు మేడం దాకా పోలేదు కానీ, నా పక్కనే ఉన్న బాపుకు వినిపించింది.

బాపు జెండాను గోడకు ఆనించాడు. "సారూ, మీరు జర ఊకోండ్రి. బిడ్డను చదవనియ్యుండ్రి."

సారు ఆగారు. నేనూ ఆగిపోయాను. "చదువు బిడ్డా," అన్నాడు బాపు. కాసేపటికి మళ్లీ అన్నాడు. ఆయన మొహం చూడలేక ఏడ్చేశాను.

సారుకు దూరం బదిలీ అయింది. బస్తీ మా ఇంటితో మాటలు మానేసింది. నల్లా దగ్గర అమ్మ బిందెను పక్కకు నెట్టేవాళ్లు. బాపు ఎవరితోనూ వాదించలేదు. నన్ను మాత్రం రెక్క పట్టుకుని తీసుకుపోయి మూడో తరగతిలో కూర్చోబెట్టాడు. ఆ చిన్నపిల్లల మధ్య సిగ్గుతో చచ్చిపోయాను.

సారు వెళ్లే రోజు అందరం ఏడ్చాం. ఆయన ట్రంకుపెట్టెను బాపే నెత్తిన పెట్టుకుని బస్సు దాకా మోశాడు.

"నా మీద కోపమా, ఆగయ్యా?" అని అడిగారు సారు.

బాపు పెట్టెను బస్సు మీదికెక్కించి, తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"కోపమెందుకుంటది సారూ? మీరు యాడున్నా కబురు పెట్టుండ్రి, మీరు చెప్పినోళ్లకే ఓటేస్త. బిడ్డను మాత్రం మీకు అప్పజెప్ప."