పాస్‌పోర్టు ఆఫీసు తొవ్వల

తిరుపతికి పోయిరా అమ్మా అంటడు కొడుకు, కాదంటే కాశి, అది గాదంటే ఇగ శ్రీశైలం, అరవై దాటిన ఆడదానికి గుళ్లు తప్ప ఇంక పోయే జాగలే లేనట్టు, నేనడిగింది వియత్నాం, సముద్రంల కొండలు లేచి ఉంటయంట, వాటి నడిమిట్లకెళ్లి పడవ పోతదంట, మా అపార్ట్‌మెంట్ జ్యోతి టూరోళ్లకు పేరు ఇచ్చేసి పక్క సీటు నాకోసం ఆపి పెట్టింది, నాకు తక్కువైంది పాస్‌పోర్టు ఒక్కటే, అది కరోనాల బీరువల పడి ఉండి ఉండి గడువు తీరిపాయె, అరె ఏంది ఈ ట్రాఫిక్, నానక్‌రామ్‌గూడల కారెక్కినప్పటి సంది ముంగటి బస్సు ఎనుకభాగమే చూస్తున్న, కాలు తిమ్మిరెక్కింది, ఏసీ సక్కగ మొకానికే కొడుతున్నది, జర తగ్గియ్యిరా అంటే మధుకర్ చెయ్యి ఊపిండు, ఆగమ్మా కాల్‌ల ఉన్న, నా కొడుకు ఎప్పుడు కాల్‌ల లేడు గనుక, చెవులల్ల ఆ తెల్ల బుడిపెలు పెట్టుకొని లండనోళ్లతోని నవ్వుతడు, జర్మనోళ్లతోని నవ్వుతడు, తల్లి విదేశం పోత అంటే మాత్రం బీపీ లేస్తది.

కాల్ అయిపోయింది, ఇగ నా వంతు, అమ్మా ఈ వయసుల ఆడ దగ్గొచ్చినా జరమొచ్చినా ఎవరు చూస్తరు, మళ్ల ఏదో కొత్త రకం కరోనా వచ్చిందంటున్నరు, ఎయిర్‌పోర్టుల ఆపేస్తే ఏం జేస్తవ్, పొద్దుగాల కోడలు హర్షిణి గూడ గిదే పాట, అత్తమ్మా, వియత్నాం అంతా యూట్యూబ్‌ల పెడత, పెద్ద టీవీల చూడండి అని, టీవీ చూడనీకి ఆ కరోనా రెండేండ్లు సరిపోలేదా, చేతులకు సబ్బు, టమాటలకు సబ్బు, మూతికి గుడ్డ, బాల్కనీల నిలబడితే ఎదురుంగ ఒక్క మనిషి లేని అద్దాల బిల్డింగులు, ఆ బాల్కనీల నుంచే మా ఆయన అంబులెన్స్ ఎక్కంగ చూసిన, మాస్కు మీదికెళ్లి కండ్లు రెండే కనవడ్డయి, చెయ్యి ఎత్తిండు, దవాఖాన్ల మమ్మల్ని రానియ్యలే, మనిషి గట్లనే పాయె, వద్దు, ఇప్పుడు అది వద్దు.

వాణ్ని ఒప్పియ్యనీకే అన్న, మళ్ల అదే మాటన్న, మీ నాయిన కోరికరా, ఇంకో దేశం చూపిస్త భాగ్యా అనేటోడు, ఆ మాట పనిజేస్తది, ఆ మాటకే వాడు సెలవు పెట్టి కారు తీసిండు, ఇప్పుడు గూడ వాని కండ్లల్ల నీళ్లు తిరిగినయి, మెత్తగ అయిండు, మరీ మెత్తగ అయిండు, అయితే నువ్వొక్కదానివి ఎందుకు పోవుడు అమ్మా, వచ్చే ఏడు అందరం పోదాం, నాయిన ఫోటో గూడ పట్టుకొని పోదాం, ఆయన ఆత్మ సంతోషపడతది, ఇయ్యాల ఇంటికి పోదాం తియ్యి, అనుకుంటనే గచ్చిబౌలి యూటర్న్ కాడ ఇండికేటర్ ఏసిండు.

ఫోటో అంట, ఆయన ఫోటోను వియత్నాం తీస్కపోతే అది గూడ ఇంటికెప్పుడు పోతం అనే అడుగుతది, కరోనాకు ముంగట ఇద్దరం సింగపూర్ పోతే, దిగిన దినమే అన్నం బాగలేదన్నడు, కాళ్లు గుంజుతున్నయన్నడు, మా గైడు సుబ్రహ్మణ్యం కోస్తా మనిషి, పాపం ఎంత ఓపిక, రెండ్రోజులేనండి బాబుగారూ, కాస్త ఓర్చుకోండి అంటనే ఉండె, ఆఖరి దినం పొద్దుగాల ఈయన గురక పెడుతుంటే నేను చెప్పులేసుకొని కిందికి దిగిన, రోడ్డు దాటిన, రెండంతస్తుల బస్సు వస్తే ఎక్కిన, ఎక్కడికి పోతదో తెల్వది, పై అంతస్తుల ముంగటి సీటు, చెట్ల కొమ్మలొచ్చి అద్దానికి రాసుకుంటున్నయి, ఒక చైనా ముసలామె సంచి జరిపి జాగ ఇచ్చింది, నవ్వింది, నేను గూడ నవ్విన, ఎవరి పెండ్లానివని అడగలే, పిల్లలెందరని అడగలే, అద్దాల బిల్డింగులోళ్లకు భూములెప్పుడు అమ్మిండ్రు అని అడగలే, బస్సు ఆఖరిదాకా పోయి మళ్లొచ్చేదాంక నేను ఎవరికీ ఏమీ కాను, చిన్నపిల్ల లెక్క అద్దానికి మొకమానిచ్చి కూసున్న, రూముకొస్తే ఎటు పోయినవే అన్నడు, చాయ్‌కి అన్న, ఆ బస్సు సంగతి ఆయనకు చెప్పలే, ఎవ్వరికీ చెప్పలే, చూపిస్త భాగ్యా అని ఆయన ఎన్నడన్నడు, ఒక్కనాడన్న అన్నడా, ఆ మాట నేనే పుట్టించిన.

కారు తిప్పకురా అన్న, గట్టిగనే వచ్చింది గొంతు, మీ నాయినకు ఏ దేశం కోరిక లేకుండె, ఆయన ధ్యాసంతా ఇంటి మీదనే, పోవాలని ఉన్నది నాకే, మధుకర్ తల తిప్పి చూసిండు, ఎనుక హారన్లు కొడుతున్నరు, మరి నాయిన కోరిక అని ఎందుకు చెప్పినవమ్మా అంటడు, ఎందుకు చెప్పిన, నాకు కావాలంటే మీరంత నవ్వుతరు, ఆయనకు కావాలంటే కండ్లు తుడుచుకుంటరు, అందుకే చెప్పిన, వాడు ఇండికేటర్ బంద్ జేసిండు, కారు సీదా పోతున్నది, సీదా పోతుంటే నాకు సమజైంది, ఇన్ని దినాల సంది నన్ను ఆపింది కరోనా గాదు, కొడుకు గాదు, ఒక్క ఆశ నాది అని చెప్పుకోనీకి సిగ్గుపడి, చచ్చిపోయిన మనిషి పేరు ఎనుక నేనే దాక్కున్న, బతికున్నది నేను గదా.